పాత స్పోర్ట్స్ కార్ల పందాలు ఎక్కడ చూడాలి: గుడ్‌వుడ్, స్పా, లె మాన్, రోడ్ అమెరికా

పాతకాలపు స్పోర్ట్స్ కార్ల పందాలు చూడాలని బయలుదేరేవారు ముందుగా వెతికేది కార్ల జాబితా. జాగ్వార్ డి-టైప్ వస్తోందా, ఫెరారీ 250 జీటీఓ పరుగెడుతుందా, ఫోర్డ్ జీటీ40లు ఎన్ని దిగుతున్నాయి అని ఆరా తీస్తారు. ఆ ఆసక్తి సహజమే గాని, ఎంపికను అక్కడ మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఒకే కారు ఒకే ఏడాదిలో రెండు మూడు చోట్ల పందెంలో దిగవచ్చు; సాధన పరుగుల్లోనే ఇంజిన్ దెబ్బతిని అసలు పందెం నాటికి కనిపించకుండా పోవడమూ మామూలే. మారకుండా ఉండేది సర్క్యూట్ ఒక్కటే. అదే కారు ఒక చోట బరువుగా, అలసిపోయినట్టు కనిపించి, మరో చోట చూపు తిప్పుకోలేనంత అందంగా పరుగెత్తడానికి కారణం ఆ దారే. అందువల్ల ముందు సర్క్యూట్‌ను, తర్వాత అక్కడ మీరు నిలబడబోయే మలుపును, చివరగా కార్లను ఎంచుకోవడం మంచిది.

ఈ దృష్టితో నాలుగు పందాలను ఇక్కడ పోలుస్తున్నాను: ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ రివైవల్, బెల్జియంలోని స్పా సిక్స్ అవర్స్, ఫ్రాన్స్‌లోని లె మాన్ క్లాసిక్, అమెరికాలోని రోడ్ అమెరికాలో జులైలో జరిగే వింటేజ్ పందాలు. నాలుగూ వేగవంతమైన పాత పద్ధతి సర్క్యూట్లే అయినా, ప్రేక్షకుడికి అవి ఇచ్చే అనుభవం ఒకటి కాదు.

వేగమైన మలుపు ఎందుకు ముఖ్యం

1950లలోను, 60ల తొలి సగంలోను తయారైన స్పోర్ట్స్ కార్లకు రెక్కలు లేవు. గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమిపట్టే ఏర్పాట్లు 1960ల చివరిలో గాని స్థిరపడలేదు. టైర్లు సన్నగా ఉండేవి. ఇంజిన్ల శక్తి ఆ టైర్ల పట్టును ఎప్పుడో దాటిపోయింది. ఆనాటి క్రాస్‌ప్లై టైరుకు (లోపలి పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాత రకం టైరు) ఒక మంచి గుణం ఉంది: అది పట్టును ఒక్కసారిగా వదిలేయదు, ముందుగా హెచ్చరిస్తూ క్రమంగా జారుతుంది. అందుకే ఆ కాలపు డ్రైవర్లు నాలుగు చక్రాలూ కొద్దికొద్దిగా పక్కకు జారుతుండగానే కారును మలుపులోంచి తీసుకుపోయేవారు. కారు ముక్కు మలుపు లోపలి వైపుకు చూస్తుంటే, కారు మాత్రం బయటి అంచు వైపు తేలిపోతూ ఉంటుంది. డ్రైవరు దాని దిశను స్టీరింగ్‌తో కొంత, యాక్సిలరేటర్‌తో ఎక్కువగా దిద్దుతూ ఉంటాడు. నేటికీ ఈ పందాల్లో చాలావాటికి పాత నమూనాలో తయారయ్యే టైర్లనే నిబంధనలు కోరుతున్నందువల్ల, ఈ దృశ్యం ఇప్పటికీ చూడగలుగుతున్నాం.

అయితే ఇది గంటకు వంద మైళ్ల వేగంలో, పొడవుగా సాగే మలుపులోనే నిండుగా కనిపిస్తుంది. నెమ్మదిగా తిరగాల్సిన ఇరుకు మలుపులు వరుసగా ఉన్న ఆధునిక సర్క్యూట్లలో ఇవే కార్లు బ్రేకులు వేడెక్కి, ఊపు కోల్పోయి, వయసు మీదపడినట్టు కనిపిస్తాయి. పైగా ఆ సర్క్యూట్లలో దారి పక్కన విశాలమైన తారు మైదానాలుంటాయి. తప్పు చేసిన డ్రైవరు వాటి మీదుగా తిరిగి వచ్చేస్తాడు, ప్రేక్షకుడు అంత దూరం వెనక్కి జరుగుతాడు. పాత సర్క్యూట్‌లో తారు అంచు దాటితే గడ్డి, గడ్డి దాటితే మట్టికట్ట. డ్రైవరు ఆ అంచును గౌరవిస్తూనే దాని చివరి అంగుళం వరకు వాడుకోవడం చూడటమే ఈ పందాల అసలు ఆకర్షణ అని నేననుకుంటాను.

గుడ్‌వుడ్ రివైవల్

రెండో ప్రపంచయుద్ధ కాలపు వెస్ట్‌హాంప్‌నెట్ వైమానిక స్థావరం చుట్టూ ఉన్న రోడ్డే గుడ్‌వుడ్ సర్క్యూట్ అయింది. 1948 సెప్టెంబరు 18న మొదటి పందెం జరిగింది. 1966లో పందాలు ఆగిపోయాయి. మొదటి పందెం జరిగిన సరిగ్గా యాభై ఏళ్లకు, 1998 సెప్టెంబరు 18న, రివైవల్ పేరుతో మళ్లీ మొదలయ్యాయి. సర్క్యూట్ మళ్లీ తెరిచేటప్పుడు దాన్ని ఆధునికం చేయకుండా పాత ఆకృతికే తిరిగి తీసుకురావడం నిర్వాహకులు చేసిన గొప్ప మేలు. రివైవల్‌లో పందెంలో దిగే కార్లు కూడా సర్క్యూట్ మొదటి జీవితకాలానికి, అంటే 1948 నుంచి 1966 వరకు అక్కడ పరుగెత్తిన రకాలకు చెందినవే. ప్రేక్షకులు సైతం ఆ కాలపు దుస్తుల్లోనే వస్తారు. అది తప్పనిసరి కాకపోయినా, మామూలు దుస్తుల్లో వెళ్లినవారికి తామే వేరుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

చుట్టు పొడవు 3.8 కిలోమీటర్లు. 1965లో జిమ్ క్లార్క్, జాకీ స్టీవర్ట్ ఇద్దరూ ఫార్ములా వన్ కార్లలో 1 నిమిషం 20.4 సెకన్ల సమయాన్ని సమంగా నమోదు చేశారంటే, గంటకు దాదాపు 170 కిలోమీటర్ల సగటు వేగమన్నమాట. బ్రేకు గట్టిగా తొక్కాల్సిన చోట్లు తక్కువ. మ్యాడ్జ్‌విక్ అనే మొదటి మలుపు కుడివైపుకు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఫోర్డ్‌వాటర్‌ను ధైర్యమున్నవారు దాదాపు పూర్తి వేగంతో దాటుతారు. ఆ తర్వాత సెయింట్ మేరీస్ వద్ద దారి కుడికి వంగి, వెంటనే ఎడమకు తిరుగుతూ కిందికి దిగుతుంది. 1962 ఏప్రిల్‌లో స్టిర్లింగ్ మాస్ అగ్రశ్రేణి జీవితాన్ని ముగించిన ప్రమాదం జరిగింది ఈ సెయింట్ మేరీస్ దగ్గరే.

నిలబడటానికి నేను సిఫారసు చేసేది కూడా సెయింట్ మేరీస్‌నే. ముందువైపు ఇంజిన్ ఉన్న లిస్టర్ జాగ్వార్ లాంటి కారు అక్కడికి వచ్చినప్పుడు ఎదురుగా కనిపించేది డ్రైవరు భుజాలు, మోచేతులు. కారు బరువు ఒక వైపు నుంచి మరో వైపుకు మారే ఆ అరక్షణంలో వెనుక భాగం తేలికై పక్కకు జరుగుతుంది. చేతులు అప్పటికే ఎదురువైపుకు తిరిగి ఉంటాయి. లోపలి ముందు చక్రం నేలను విడిచీ విడవనట్టు ఉండి మళ్లీ ఆనుకుంటుంది. తలుపులు, పైకప్పు, శిరస్సును కప్పే కడ్డీల చట్రం ఉన్న కొత్త కార్లలో ఇదంతా దాగిపోతుంది. ఇక్కడ డ్రైవరు పని మొత్తం మన కళ్లముందే జరుగుతుంది.

పందాల్లో స్పోర్ట్స్ కార్ల అభిమానులు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు. 1950ల తొలి సగపు కార్లకు ఫ్రెడ్డీ మార్చ్ ట్రోఫీ, 1955 నుంచి 1960 వరకు వచ్చిన పందెపు కార్లకు ససెక్స్ ట్రోఫీ, జీటీ40, లోలా టీ70 లాంటి పెద్ద ఇంజిన్ కార్లకు విట్సన్ ట్రోఫీ, పైకప్పు ఉన్న జీటీ (గ్రాండ్ టూరర్) కార్లకు టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) సెలబ్రేషన్. చివరిదానికి చరిత్ర బలం ఎక్కువ. 1960, 61 సంవత్సరాల్లో మాస్, 62లో ఇన్నెస్ ఐర్లండ్, 63లో గ్రహాం హిల్ ఇక్కడ టూరిస్ట్ ట్రోఫీని గెలిచింది ఫెరారీ జీటీ కార్లతోనే. ఇప్పటి పందెంలో ఆ ఫెరారీల వారసులతో ఏసీ కోబ్రాలు, తేలికపాటి జాగ్వార్ ఈ-టైపులు తలపడతాయి. లావంట్ స్ట్రెయిట్ అనే తిన్నని దారిలో కోబ్రా తన 4.7 లీటర్ల ఇంజిన్‌తో దూరం పెంచుకోవడం, మలుపుల్లో ఈ-టైప్ దాన్ని మళ్లీ అందుకోవడం చుట్టు తర్వాత చుట్టు సాగుతుంది.

లోపాలూ చెప్పాలి. టీటీ సెలబ్రేషన్ లాంటి గంట నిడివి పందాలను మినహాయిస్తే, మిగిలినవి చిన్నవి, సుమారు 20 నిమిషాలవి. జనం బాగా వస్తారు. దుస్తులు, విమాన ప్రదర్శన, దుకాణాలు పందాల దృష్టిని మళ్లిస్తాయి. కార్లకోసమే వచ్చినవారికి ఇది కొంత చిరాకు కలిగించవచ్చు. నేను మాత్రం, మ్యాడ్జ్‌విక్ నుంచి లావంట్ వరకు సర్క్యూట్ అవతలి వైపు నడిచిపోతే ఆ సందడి అంతా వెనకే ఉండిపోతుందని చెబుతాను.

స్పా సిక్స్ అవర్స్

ఆర్డెన్స్ అడవుల్లోని స్పా ఫ్రాంకోర్‌షాం మొదట ఫ్రాంకోర్‌షాం, మాల్మెడీ, స్టావెలో ఊళ్లను కలిపే సుమారు 14 కిలోమీటర్ల త్రికోణపు రోడ్డు. 1971లో ఇక్కడి 1000 కిలోమీటర్ల పందాన్ని పెడ్రో రోడ్రిగెజ్, జాకీ ఆలివర్ పోర్షె 917తో గంటకు 249 కిలోమీటర్ల సగటుతో గెలిచారు. మామూలు పల్లె రోడ్ల మీద, ఇళ్ల గోడల పక్కనుంచి సాధించిన సగటు అది. ఆ ముప్పును తట్టుకోలేకే 1979లో సర్క్యూట్‌ను దాదాపు 7 కిలోమీటర్లకు కుదించారు. కుదించిన దారిలో కూడా లోయలోకి దిగి రైడియోన్ అనే ఏటవాలు ఎక్కే ఓ రూజ్ మలుపు, కొండవాలులో ఎడమకు రెండు దశల్లో తిరిగే పూఓన్, చివర్లో బ్లాంషిమో ఉన్నాయి గనుక, పాత కార్లకు కావలసిన వేగం మిగిలే ఉంది.

ఇక్కడి ముఖ్య ఆకర్షణ పేరులోనే ఉంది. 1966కు ముందరి నమూనాల కార్లతో శనివారం మధ్యాహ్నం దాటాక మొదలై, చీకటి పడ్డాక ముగిసే ఆరు గంటల పందెం. వంద వరకు కార్లు ఒకేసారి దారిలో ఉంటాయి. ముందు వరుసల్లో జీటీ40లు, వాటి వెనుక కోబ్రాలు, ఈ-టైపులు, ఇంకా వెనుక లోటస్ ఎలాన్‌లు, ఎంజీబీలు. వేగాల్లో ఇంత తేడా ఉన్న కార్లు ఒకే దారిలో ఆరు గంటలు నడవడం వల్ల, గెలుపు ఒక్క చుట్టు వేగంతో తేలదు. నెమ్మది కారును పూఓన్ ముందే దాటాలా, తర్వాత దాటాలా అన్న నిర్ణయం వందల సార్లు తీసుకోవాలి. ఇంధనం, టైర్లు, బ్రేకులు, డ్రైవరు మార్పులు లెక్క చూసుకోవాలి. పైగా స్పా వాతావరణం ఒక్క తీరున ఉండదు. సర్క్యూట్ ఒక చివర వాన కురుస్తుండగా మరో చివర దారి పొడిగా ఉండటం అక్కడ అందరికీ తెలిసిన సంగతి.

పందాన్ని పందెంగా ప్రేమించే వారికి నాలుగింటిలో ఇదే సరైనదని నేను సందేహం లేకుండా చెబుతాను. గుడ్‌వుడ్‌లో కార్ల అందం ఎక్కువ కనిపిస్తే, ఇక్కడ వాటి ఓర్పు పరీక్షకు నిలుస్తుంది. మొదటి గంటలో ముందున్న జీటీ40 చివరి గంటలో గేర్‌బాక్స్ మొరాయించి పిట్స్‌లో (దారి పక్కన కార్లను సరిచేసే చోట) నిలబడిపోవడం, చిన్న కారొకటి ఏ ఆటంకమూ లేకుండా స్థానాలు ఎక్కుతూ పోవడం చూడాలంటే ఆరు గంటలు కావాలి.

ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్లాలి. ఇక్కడ కనిపించే జీటీ40లలో, కోబ్రాలలో చాలా భాగం ఆ కాలంలో తయారైనవి కావు, తర్వాత అదే నమూనాలో కట్టినవి. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఇచ్చే సాంకేతిక పాస్‌పోర్ట్, కారు ఆ కాలపు నిర్దేశాలకు అనుగుణంగా ఉందని చెబుతుందే గాని, ఆ కాలంలోనే పుట్టిందని హామీ ఇవ్వదు. అసలైన లోహాన్నే చూడాలనుకునేవారికి ఇది అసంతృప్తి కలిగించవచ్చు. నా దృష్టిలో మాత్రం పందానికి దీనివల్ల మేలే జరుగుతోంది. మొత్తం 36 మాత్రమే తయారైన 250 జీటీఓను నడిపేవాడు చివరి పది శాతాన్ని దాచుకుంటాడు. కొత్తగా కట్టిన జీటీ40ని నడిపేవాడికి ఆ సంకోచం ఉండదు.

పాత 14 కిలోమీటర్ల దారిలో పెద్ద భాగం ఇప్పటికీ మామూలు రోడ్డుగా వాడుకలో ఉంది. పందాలకు వెళ్లినవారు మరుసటి రోజు బుర్నన్‌విల్, మాస్టా మీదుగా స్టావెలో దాకా వేగ పరిమితిలోనే ఒకసారి వెళ్లి రావాలి. మాస్టా దగ్గర ఇళ్ల మధ్య దారి ఎడమకు, వెంటనే కుడికి వంగుతుంది. ఆ చిన్న వంపును పూర్తి వేగంతో దాటడమంటే ఏమిటో అక్కడ నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.

లె మాన్ క్లాసిక్

13.6 కిలోమీటర్ల పూర్తి సర్క్యూట్‌లో, మామూలు రోజుల్లో ప్రజలు తిరిగే రోడ్లతో సహా, 2002 నుంచి ఈ ఉత్సవం జరుగుతోంది. కార్లను వాటి కాలాన్ని బట్టి వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గాన్ని శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం వరకు మూడేసి సార్లు దారిలోకి వదులుతారు. అందులో ఒక పరుగు రాత్రిపూట పడుతుంది. అలాంటి నడిరాత్రి పరుగు ఈ నాలుగింటిలో మరే చోటా దొరకదు. ముల్సాన్ మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడు చక్రాల్లోంచి డిస్కులు ఎర్రగా వెలగడం, గేరు తగ్గించినప్పుడు సైలెన్సర్ కొనలోంచి నీలి మంట ఎగరడం చూడాలంటే ఇక్కడికే రావాలి. జాగ్వార్ డి-టైపులు 1955, 56, 57లలో 24 గంటల పందెం వరుసగా గెలిచిన చోట, 1966 నుంచి 69 వరకు ఫోర్డ్ నాలుగు ఏళ్లు గెలిచిన చోట, 1970లో పోర్షె 917 మొదటి విజయం సాధించిన చోట అవే రకాల కార్లను చూడటంలోని తృప్తి వేరు.

కాని స్పోర్ట్స్ కార్ల పందెంగా చూస్తే ఇది నాలుగింటిలో బలహీనమైనది. ఒక్కో పరుగు ముప్పావు గంటకు మించదు. పాత కారు ఒక చుట్టుకు అయిదారు నిమిషాలు తీసుకుంటుంది గనుక, మీరు నిలబడిన చోట ఒక్కో కారు ఏడెనిమిది సార్లే కనిపిస్తుంది. గుడ్‌వుడ్‌లో 20 నిమిషాల పందెంలోనే అంతకన్నా ఎక్కువ సార్లు కనిపిస్తుంది. సుమారు 6 కిలోమీటర్ల ముల్సాన్ స్ట్రెయిట్‌లో 1990 నుంచి రెండు షికేన్‌లు (వేగం తగ్గించేందుకు పెట్టిన వంకర మలుపులు) ఉన్నందువల్ల పాత కార్లు తమ పూర్తి వేగాన్ని చాలాసేపు నిలుపుకొనే అవకాశమూ తగ్గింది. చూసేందుకు ఇండియానాపొలిస్, ఆర్నాజ్ మలుపుల దగ్గర చోటు వెతుక్కోవడం ఉత్తమం. అక్కడ గట్టి బ్రేకింగ్‌ను, వేగం మారే తీరును దగ్గరగా చూడవచ్చు. 2023లో రెండు లక్షలకు పైగా జనం వచ్చారంటే రద్దీ ఎంతో ఊహించుకోవచ్చు.

ఇంకొక జాగ్రత్త అవసరం. చాలాకాలం రెండేళ్లకోసారి జరిగిన ఈ పందాలను 2025 నుంచి ఏటా జరుపుతూ, ఒక ఏడాది పాత కాలానికి, మరుసటి ఏడాది తరువాతి కాలానికి కేటాయించే పద్ధతి ప్రవేశపెట్టారు. డి-టైపుల కోసం వెళ్లేవారు తాము ఎంచుకున్న ఏడాది ఏ కాలానిదో చూసుకోకుండా టికెట్ కొనకూడదు.

రోడ్ అమెరికా

విస్కాన్సిన్‌లోని ఎల్క్‌హార్ట్ లేక్ ఊరి రోడ్ల మీద 1950 నుంచి 52 వరకు పందాలు జరిగాయి. ఊరి రోడ్ల పందాలు ఆగిపోయాక, దగ్గర్లోని కొండ నేలలో 1955లో ఈ శాశ్వత సర్క్యూట్ తెరిచారు. 6.5 కిలోమీటర్లు, 14 మలుపులు. ఆనాటి ఆకృతి దాదాపుగా అలాగే ఉంది. పొడవైన స్ట్రెయిట్‌లు మూడు. వెనుక వైపు అడవిలో కింక్ అనే కుడి వంపు ఉంది. దాన్ని యాక్సిలరేటర్ ఎంత తక్కువగా వదిలి దాటారన్నదే ఇక్కడ డ్రైవరు సత్తాకు కొలమానం.

ఇక్కడి ప్రత్యేకత రెండు విషయాల్లో ఉంది. మొదటిది శబ్దం. 1967 నుంచి ఈ సర్క్యూట్‌లో కాన్-ఆమ్ పందాలు, అంటే కెనడా, అమెరికాల్లో పెద్ద ఇంజిన్ స్పోర్ట్స్ కార్లకు జరిగిన పందాల వరుస, జరిగాయి. ఆ సంప్రదాయానికి చెందిన మెక్‌లారెన్‌లు, లోలాలు ఏడు లీటర్లు దాటిన షెవర్లే వీ8 ఇంజిన్లతో కొండ ఎక్కుతూ స్టార్ట్ గీతను దాటేటప్పుడు ఆ మోత ఛాతీలో తెలుస్తుంది. యూరప్ పందాల్లో ఈ కార్లు అడపాదడపా కనిపిస్తాయి. ఇక్కడ అవి సొంత నేల మీద ఉంటాయి. రెండోది స్వేచ్ఛ. చెట్ల నీడలో, గడ్డి గట్ల మీద నచ్చిన చోట కూర్చోవచ్చు, పందానికో మలుపు మార్చవచ్చు, ప్యాడక్‌లో (కార్లను సిద్ధం చేసే ఆవరణలో) కార్ల పక్కనే తిరగవచ్చు, డ్రైవర్లతో మాట్లాడవచ్చు. పోటీ తీవ్రత మాత్రం స్పా కంటే తక్కువే. అమెరికా వింటేజ్ సంఘాలు కార్లను తాకించుకోకపోవడానికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాయి. ఆ పట్టింపు మంచిదే అయినా, హోరాహోరీ పోరు కోరుకునేవారికి కొంత చప్పగా అనిపించవచ్చు.

అమెరికాలోనే లగూనా సెకాలో ఆగస్టులో జరిగే మాంటెరే రీయూనియన్‌కు పేరు ఎక్కువ, కార్లూ గొప్పవే. కార్క్‌స్క్రూ అనే మలుపు దగ్గర దారి 18 మీటర్లు కిందికి పడిపోవడం తప్పక చూడదగినది. అయినా చుట్టు 3.6 కిలోమీటర్లే, వేగమైన, పొడవైన మలుపుల కోసం వెళ్లేవారికి నేను రోడ్ అమెరికానే ముందు చెబుతాను. మొనాకో హిస్టారిక్ గ్రాండ్ ప్రీ ఈ పోలికలోకి రాదు. అది ప్రధానంగా ఒంటి సీటు కార్లది, పైగా నెమ్మదైన వీధుల సర్క్యూట్.

ఎవరికి ఏది

ముందువైపు ఇంజిన్ ఉన్న 1950ల కార్లంటే ప్రాణమిచ్చేవారికి గుడ్‌వుడ్‌ను మించినది లేదు. ఆ కార్ల సహజ వేగానికి ఆ సర్క్యూట్ సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే రెండూ ఒకే కాలపు సృష్టి. జీటీ40, కోబ్రా తరం ఇష్టమైనవారు స్పాకు వెళ్లాలి. 1960ల చివరి నుంచి 70ల వరకు వచ్చిన పెద్ద ప్రోటోటైపులు (పందెం కోసమే రూపొందిన కార్లు), కాన్-ఆమ్ కార్లు కావాలంటే రోడ్ అమెరికా, లేదా తగిన ఏడాదిలో లె మాన్. యుద్ధానికి ముందరి బెంట్లీలు, బుగాటీలను రాత్రిపూట పూర్తి సర్క్యూట్‌లో చూడాలంటే లె మాన్ ఒక్కటే దారి.

ఒక్కసారే వెళ్లగలిగిన వారికి, ఈ పందాలు ఇంతకుముందు చూడని వారికి నా సలహా గుడ్‌వుడ్. పందాలు చిన్నవైనా సంఖ్యలో ఎక్కువ గనుక మూడు రోజుల్లో ఆ కాలపు రకాలన్నీ చూస్తారు. ఏ కాలం మీద మనసు పడిందో అక్కడ తేలుతుంది. కుటుంబంతో వెళ్లేవారికీ అదే అనువైనది. మోటార్ పందాలు ముందునుంచీ చూస్తున్న వారు, వ్యూహాన్ని చదవగలిగిన వారు గుడ్‌వుడ్‌ను దాటి నేరుగా స్పాకు వెళ్లినా ఏమీ కోల్పోరు. జనసమ్మర్దం పడనివారికి, ఫొటోలు తీసుకోవాలనుకునేవారికి రోడ్ అమెరికా.

కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. లె మాన్, రోడ్ అమెరికా జులైలో, గుడ్‌వుడ్ సెప్టెంబరులో, స్పా సెప్టెంబరు చివర్లో లేదా ఆ చుట్టుపక్కల జరుగుతాయి. గుడ్‌వుడ్, స్పా పందాల మధ్య కొద్ది వారాలే ఉంటాయి గనుక, సెలవు దొరికినవారు రెంటినీ ఒకే ప్రయాణంలో కలపవచ్చు. గుడ్‌వుడ్ టికెట్లు ముందుగానే కొనాలి, గేటు దగ్గర దొరుకుతాయనుకుని వెళ్లకూడదు. లె మాన్‌లో బస కష్టం. గుడారం వేసుకునేందుకు స్థలం టికెట్‌తో పాటే తీసుకోవాలి. స్పాకు వానకోటు, మంచి బూట్లు తప్పవు. అక్కడ కొండదారుల నడక కూడా ఎక్కువ, కాబట్టి శుక్రవారం సాధన పరుగుల సమయంలోనే సర్క్యూట్ చుట్టూ నడిచి, పగలు చూడటానికి పూఓన్ దగ్గర ఒక చోటు, చీకటి పడ్డాక చూడటానికి లా సోర్స్ నుంచి ఓ రూజ్‌కు దిగే దారి పక్కన మరో చోటు చూసిపెట్టుకోండి.